మెహమాన్‌కు నేను నేర్పిన క్రమశిక్షణ

అన్నం పెట్టడంలో తప్పు చేయడానికి ఏముంటుందని మీరనుకోవచ్చు. కంచం ఉంది, కంచంలో అన్నం ఉంది, ఎదురుగా ఆకలితో ఒక ప్రాణి ఉంది. మధ్యలో మనిషి చెడగొట్టడానికి సందేదీ? ఆ సందు నేను కనిపెట్టాను. ఒక కుక్కపిల్లకు అన్నం పెట్టబోయి మూడు రోజులపాటు వీధి మొత్తాన్ని హైరానా పెట్టాను. ఒక రైల్వే ఉద్యోగి చేత నీళ్ళ ట్యాంకు వెనక ఊళ వేయించాను. ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ ఎదుట నా పరువును నా చేతులతోనే డాబా మీద ఆరేసుకున్నాను. చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పట్లో దబీర్‌పురా అంతా నవ్వింది, మీరెందుకు మానాలి.

రెండువేల సంవత్సరం దాటి రెండో మూడో ఏళ్ళయి ఉంటుంది. నాకు ఇరవై ఆరు. గోదావరి జిల్లా నుంచి వచ్చి, పురానాపూల్ దగ్గర ఒక సర్కారు ఆఫీసులో రికార్డుల సెక్షన్‌లో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. దబీర్‌పురా స్టేషనుకు దగ్గర్లో ఒక పాత ఇంటి మేడ మీద ఒంటి గది, దాని ముందు విశాలమైన డాబా, అదీ నా కాపురం. కింద ఇంటావిడ ఉండేది. వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి ఖాలా అనేవారు, అంటే పిన్నమ్మ అన్నమాట. పక్క వాటాలో యాదగిరి అని రైల్వేలో గ్యాంగ్‌మన్ ఉండేవాడు.

ఆ రోజుల్లో నాకున్న ఒకే ఒక్క గొప్ప సమయపాలన. ఆఫీసు పదిన్నరకైతే నేను పది ఇరవై తొమ్మిదికి గుమ్మంలో ఉండేవాణ్ణి. ఆ మిగిలిన ఒక్క నిమిషం తోటివాళ్ళ ఖాళీ కుర్చీల వంక జాలిగా చూడడానికి. గదిలో గోడకు టైంటేబుల్ అంటించుకున్నాను. అందులో 'విశ్రాంతి: 7.10 నుంచి 7.25 వరకు' అని కూడా ఉండేది. ఇలాంటి మనిషితో ఎవరైనా స్నేహం చేస్తారా? చేయలేదు. వచ్చి ఎనిమిది నెలలైనా వీధిలో నా పేరు తెలిసినవాడు ఒక్కడు లేడు. 'పైగది సార్' అనేవారు, అదీ నా వెనకాల.

ఇదిగో అలాంటి సమయంలో సులోచన మేడం మా ఆఫీసుకు ఏదో పాత కాగితం నకలు కోసం వచ్చింది. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై, ఇంటి వెనక షెడ్లు వేసి, రోడ్డు మీద దెబ్బలు తిన్న కుక్కల్ని తెచ్చి బాగుచేసి, మంచి ఇళ్ళు వెతికి అప్పగించే మనిషి. చెప్పిన రోజున చెప్పిన గంటకు నకలు ఆవిడ చేతిలో పెట్టాను. సర్కారు ఆఫీసులో అలాంటి వింత జరిగేసరికి ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని నన్ను మళ్ళీ చూసింది.

"టైము పాటించే మనిషివిలా ఉన్నావు. నా దగ్గర ఒక కుక్కపిల్ల ఉంది. దానికి మంచి ఇల్లు దొరికేదాకా, ఒక ఆరు వారాలు, నీ దగ్గర పెట్టుకుంటావా?" అని అడిగింది.

"నేను కుక్కల్ని ఎప్పుడూ పెంచలేదు మేడం."

"పెంచమనడం లేదు. వేళకు తిండి పెట్టమంటున్నాను. వేళ తప్పని మనిషి కావాలి దానికి."

వేళ తప్పని మనిషి. ఆ ముక్కతో నేను పడిపోయాను. ఆ క్షణంలో ఆవిడ ఏనుగుపిల్లను ఇచ్చినా తెచ్చుకుని ఉండేవాణ్ణి.

ఐదు నెలల పిల్ల అది. ఇటుకరంగు ఒళ్ళు, ఒక చెవి నిటారుగా, ఇంకోటి వాలిపోయి. అప్పటికే రెండిళ్ళవాళ్ళు తీసుకెళ్ళి వెనక్కి పంపేశారు. మొదటి ఇంట్లో అన్నంలో మూతి పెట్టినప్పుడల్లా కర్రతో కొట్టేవారట. దాంతో కంచం ముందు పెడితే తినకుండా మన ముఖంలోకి చూస్తూ వణికేది. తినొచ్చని ఎవరో చెప్పాలి. ఎలా చెబితే నమ్ముతుందో ఎవరికీ తెలియదు. రెండో ఇంటివాళ్ళు ఆ బతిమాలడం మా వల్ల కాదని తిప్పి పంపారు.

"పేరు పెట్టొద్దు, తీసుకునేవాళ్ళు పెట్టుకుంటారు. మనసు పెట్టొద్దు, ఆరు వారాల్లో వెళ్ళిపోతుంది. అన్నం మాత్రం పెట్టు," అని మూడు నియమాలు చెప్పి మేడం వెళ్ళిపోయింది.

ఖాలా అనుమతి ఇచ్చిన తీరు కూడా చెప్పాలి. మెట్ల కింద నిలబడి, తలమీద కొంగు సర్దుకుని, పిల్లను ఎగాదిగా చూసింది.

"చూడు బాబా, ఇది నమాజ్ చదివే ఇల్లు. నీ కుక్క పైన ఉండాలె, కిందకి నక్కో, రావొద్దు. కానీ బిచారా నోరు లేని జీవి. దానికి నీళ్ళు పెట్టడం మర్చిపోయినవంటే, కుక్క ఉంటది, నువ్వు ఖాళీ చేస్తవ్."

"ఆరు వారాలే ఖాలా."

"అయితే మెహమాన్ అన్నట్టు. ఉండనీ."

మెహమాన్ అంటే అతిథి. మేడం వద్దన్న పేరు ఖాలా పెట్టేసింది, నేను పెట్టలేదు కాబట్టి నియమం తప్పలేదు.

మొదటి వారం నా టైంటేబుల్ చిరిగి చాటంతయింది. కంచం పెట్టి "తిను నాన్నా" అని గంటసేపు పాటపాడితే రెండు మెతుకులు తినేది. 'విశ్రాంతి 7.10' అన్నచోట నేను నాలుగు కాళ్ళ మీద వంగి, గుడ్డు కలిపిన అన్నం తినడం ఎలాగో దానికి నటించి చూపిస్తూ ఉండేవాణ్ణి. ఒకసారి పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్న ఒకావిడ చూసి బట్టలు ఆరేయకుండానే దిగిపోయింది.

అంతలో రంజాన్ మొదలైంది. మొదటి రోజు సాయంత్రం కింద వాకిట్లో దస్తర్‌ఖాన్, అంటే భోజనాల గుడ్డ, పరిచారు. ఖర్జూరాలు, పండ్లు, పకోడీలు పెట్టుకుని ఖాలా, ఆవిడ చుట్టాలు ఉపవాసం విడిచే సైరన్ కోసం ఎదురుచూస్తున్నారు. మా మెహమాన్ వాసన పట్టి, మెట్లు ఒక్క ఉరుకులో దిగి, సరిగ్గా పకోడీల ముందు వెళ్ళి కూర్చుంది. తినలేదు, పాపం. కూర్చుని అందరి ముఖాల్లోకీ చూస్తోంది. చుట్టాలు కంచాలు ఎత్తుకుని గోడకు అతుక్కుపోయారు. నేను పరుగెత్తుకెళ్ళి ఎత్తుకొచ్చి, సిగ్గుతో చచ్చినంత పనై, ఖాలాకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆవిడ తిట్టలేదు.

"మేము తినే టైముకే దానికి కూడా పెట్టు బాబా. దాని నోరు దాని కంచంల ఉంటే మా దస్తర్‌ఖాన్ మాకు ఉంటది."

మంచి సలహా. మర్నాటి నుంచి అమలు చేశాను. సాయంత్రం సైరన్ వేళకు నేను డాబా మీద ఒక చేత్తో కంచం, ఒక చేత్తో గడియారం పట్టుకుని నిలబడేవాణ్ణి. సరిగ్గా ఆ నిమిషానికి "ఈట్" అనేవాణ్ణి. ఇంగ్లీషులో చెబితే క్రమశిక్షణ త్వరగా వస్తుందని ఎక్కడో విన్నాను. తెల్లవారుజామున సహరీ భోజనం ముగిసే సైరన్‌కు కింద ఇల్లంతా మేలుకునే ఉంటుంది, నాకూ మెలకువ వచ్చేది, అప్పుడు రెండో పూట పెట్టి మళ్ళీ "ఈట్".

నాలుగో రోజుకు అద్భుతం జరిగింది. కంచం పెట్టాను. మెహమాన్ వణక్కుండా బుద్ధిగా కూర్చుంది. "ఈట్" అన్నాను. అంతే, ఎగిరి దూకి, సైరన్ ఆగేలోపే కంచం కడిగినట్టు చేసింది. ఐదో రోజూ అంతే. ఆరో రోజూ అంతే.

మీకు ఇప్పటికే అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. ఊరంతా దద్దరిల్లేలా సైరన్ మోగుతుంటే, ఆ మోతలో నా గొంతు నాకే వినపడకపోతే, కుక్కపిల్ల నా మాటకే లేచిందని నమ్మిన మేధావిని నేను. పైగా సైరన్ కూడా నా గడియారంతో సరిగ్గా కలుస్తోందని దాన్ని మెచ్చుకునేవాణ్ణి.

పత్తర్‌గట్టిలో ఒక టెలిఫోన్ బూత్ నుంచి మేడంకు వారం వారం నివేదిక ఇచ్చేవాణ్ణి.

"ఒక్క మాట మేడం. ఒకే ఒక్క మాట. 'ఈట్' అంటాను, తింటుంది."

"బతిమాలకుండానా? నేను రెండు నెలలు తిప్పలు పడ్డాను కదయ్యా."

"మీరు ఏమీ అనుకోకపోతే మేడం, అది పద్ధతిలో ఉంది. ప్రేమ ఉండాలి, క్రమశిక్షణ ఉండాలి."

నలభై ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పిన మనిషికి నేను ఫోన్లో క్రమశిక్షణ గురించి చెప్పాను. తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మేడం మాత్రం నిజంగా సంతోషపడింది. రంజాన్ ఆఖరి వారంలో ఇలా చెప్పింది:

"మూర్తీ, ఇల్లు దొరికింది. ఊరి చివర ఫ్యాక్టరీ కాలనీలో డేవిడ్ అని, భార్య, ఒక కూతురు. మంచివాళ్ళు. పండగ అయ్యాక ఆదివారం పదకొండింటికి తీసుకొస్తాను. అది తినడం వాళ్ళు కళ్ళారా చూడాలి. ఒకటి గుర్తుపెట్టుకో. రెండుసార్లు వెనక్కి వచ్చిన పిల్ల అది. మూడోసారి వస్తే ఇంక దాన్ని ఎవరూ అడగరు. బతికినన్నాళ్ళూ నా షెడ్డులో గొలుసే."

"మీరు నిశ్చింతగా ఉండండి మేడం," అన్నాను.

గురువారం పండగ. ఖాలా పొద్దున్నే పెద్ద గిన్నె నిండా షీర్ ఖుర్మా పాయసం పంపింది. నేను తిన్నాను. మెహమాన్ కంచం పెట్టాను. "ఈట్" అన్నాను.

మెహమాన్ కదల్లేదు. నోటి నుంచి చొంగ తీగలా కారుతోంది, తోక నేలను ఊడుస్తోంది, కళ్ళు మాత్రం ఆకాశం వైపు.

"ఈట్." గట్టిగా అన్నాను. "ఈట్ నాన్నా. తిను. ఖాలే. తినవయ్యా బాబూ, నీకు పుణ్యముంటుంది."

పద్నాలుగుసార్లు అన్నాను, మూడు భాషల్లో. అది ఒకసారి నన్ను చూసింది, మళ్ళీ ఆకాశం చూసింది. సాయంత్రమూ అంతే. శుక్రవారమూ అంతే. అరచేతిలో పాలు పోసి పట్టుకుంటే నా మొహమాటానికి అన్నట్టు నాలుగు చుక్కలు నాకేది. కంచం జోలికి పోదు. పక్కటెముకలు లెక్కకు వస్తున్నట్టు నాకు అనిపించసాగింది.

శుక్రవారం ఆఫీసుకు సెలవు పెట్టి పశువుల డాక్టరు దగ్గరికి ఎత్తుకెళ్ళాను. ఆయన నోరు చూశాడు, పొట్ట నొక్కాడు, చెవులు చూశాడు.

"కుక్క బాగానే ఉంది. మీరు చివరిసారి ఎప్పుడు తిన్నారు?" అని అడిగాడు.

నిజమే, నేనూ ఏమీ తినలేదు. దాన్ని చూస్తుంటే ముద్ద దిగితే కదా. మనసు పెట్టొద్దన్న మేడం నియమం ఎప్పుడు తప్పానో నాకే తెలియలేదు. రాత్రిళ్ళు అది నా పాదాల మీద గడ్డం ఆనించి పడుకునేది, బహుశా అప్పుడే తప్పి ఉంటాను.

అప్పటికి వీధిలో సంగతి పాకిపోయింది. ఎనిమిది నెలలుగా నన్ను పలకరించని మనుషులు మేడ మెట్లు ఎక్కి రావడం మొదలుపెట్టారు. యాదగిరి డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చాడు.

"ఏంది సార్, మస్తు పరేషాన్ల ఉన్నవట?"

"తినడం లేదు యాదగిరీ. ఆదివారం వాళ్ళొస్తారు."

"దిష్టి తాకింది సార్. గిసుమంటివి నేను మస్తుగ చూసిన. ఫికర్ చేయకు."

ఎండుమిరపకాయలు, ఉప్పు తెచ్చి మూడుసార్లు తిప్పి నిప్పుల మీద వేశాడు. మెహమాన్ తుమ్మింది. నేను తుమ్మాను. కింద ఖాలా ఇంటిల్లిపాదీ తుమ్మారు. ఘాటు పోయాక కంచం చూస్తే ఎక్కడి అన్నం అక్కడే ఉంది. ఖాలా ఎముకల రసం కాచి పంపింది. హోటల్ నడిపే ఒకాయన మెత్తటి మాంసం ముక్కలు పొట్లం కట్టి తెచ్చాడు. బట్టలు ఆరేయకుండా దిగిపోయిన ఆవిడ వచ్చి, "మీరు అప్పట్లో తిని చూపించేవారు కదా, అది మళ్ళీ చెయ్యండి," అని సలహా ఇచ్చింది. వీధి అందరి ముందూ అదీ చేశాను.

శనివారం సాయంత్రం. నేను డాబా మీద చతికిలబడి ఉన్నాను. ఎదురుగా కంచం, కంచం ముందు మెహమాన్. ఖాలా మెట్ల మధ్యలో కూర్చుని ఆకుకూర ఒలుస్తోంది. అప్పుడు పెద్ద రోడ్డు మీద ఎటో ఫైరింజన్ వెళ్ళింది, గంటకు బదులు సైరన్ మోగించుకుంటూ.

మెహమాన్ ఎగిరి కంచంలో పడింది. గబగబా తింటోంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈట్, ఈట్," అంటూ ఉన్నాను. ఫైరింజన్ దూరం వెళ్ళిపోయింది, మోత ఆగింది. మెహమాన్ నోట్లో ముద్దను అలాగే పెట్టుకుని ఆగిపోయి, ఆకాశం వైపు చూసింది.

ఖాలా చేతిలో ఆకుకూర వదిలేసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అరే బాబా. నువ్వు నేర్పలే దానికి. సైరన్ నేర్పింది. రంజాన్ అయిపోయింది, సైరన్ బంద్ అయింది. బిచారా ఇంకా మోగుతదని కూచున్నది."

"మరి మసీదు అజాన్ రోజూ వినిపిస్తుంది కదా ఖాలా?"

"అజాన్ దినానికి ఐదుసార్లు, అప్పుడు నువ్వు అన్నం పెట్టలే కదా. మోత మోగింది, కంచం వచ్చింది, కొట్టేటోళ్ళు ఎవరూ లేరు. దానికి అంతే తెలుసు."

నెల రోజుల నా ప్రేమ, నా క్రమశిక్షణ, నా ఇంగ్లీషు, అన్నీ ఫైరింజన్ వెనకాల కొట్టుకుపోయాయి. అంతకంటే కష్టం అనిపించింది ఇంకొకటి. కర్రదెబ్బల భయంతో వణికిన పిల్ల, ఇక తినొచ్చు ఎవరూ కొట్టరు అని ఈ లోకంలో ఒక్క దాన్ని నమ్మింది, ఆ ఒక్కటీ ఏడాదికి నెల రోజులే మోగుతుంది.

అప్పుడైనా నేను మేడంకు ఫోన్ చేసి నిజం చెప్పాల్సింది. ఖాలా అదే అంది. నేనేమన్నానంటే:

"రేపొక్క రోజు గడిస్తే చాలు ఖాలా."

"రేపు తింటే సరిపోతదా? ఎల్లుండి వాళ్ళింట్ల ఎవరు కూస్తరు?"

జవాబు లేనప్పుడు నాలాంటివాళ్ళు చేసే పనే చేశాను, ఏర్పాట్లలో పడ్డాను. యాదగిరి రైలు కూత నుంచి ఫ్యాక్టరీ కూత దాకా ఏదైనా గొంతుతో తీయగలడని వీధిలో పేరు. కిరసనాయిలు పోసే పెద్ద రేకు గరాటా ఒకటి చేతికిచ్చాను.

"నువ్వు నీళ్ళ ట్యాంకు వెనక కూర్చో. నేను 'ఈట్' అనగానే మొదలుపెట్టు. కంచం ఖాళీ అయ్యేదాకా ఆపొద్దు."

"గట్లనే సార్. నా దమ్ము సంగతి నీకు ఎర్క లేదు."

ఆదివారం పదకొండింటికి సులోచన మేడం వచ్చింది. వెంట డేవిడ్ గారు, ఆయన భార్య మార్తమ్మ, తొమ్మిదేళ్ళ గ్రేసీ. గ్రేసీ వస్తూనే నేల మీద కూర్చుంది. మెహమాన్ వెళ్ళి ఆ పిల్ల ఒళ్ళో తల పెట్టింది. నా గుండె అక్కడే సగం కరిగిపోయింది.

"మీ పద్ధతి చూపించండి మూర్తిగారూ," అంది మేడం. మొదటిసారి నన్ను 'గారూ' అంది, చూడండి నా ఖర్మ.

నేను గొంతు సవరించుకుని చిన్న ఉపన్యాసం ఇచ్చాను. కుక్కకు యజమాని గొంతు ముఖ్యమని, నియమం తప్పకూడదని చెప్పాను. కంచం పెట్టాను. గడియారం చూశాను. "ఈట్."

ట్యాంకు వెనక నిశ్శబ్దం. ఇంకాస్త గట్టిగా "ఈట్" అన్నాను. అప్పుడు మొదలైంది. ఎక్కడో పాతాళంలో పుట్టినట్టు పుట్టి, పైపైకి లేచి, గరాటాలోంచి దబీర్‌పురా మీదికి దూకింది ఆ కూత. మెహమాన్ కంచంలో దూకింది. గ్రేసీ చెవులు మూసుకుంది. నేను ముఖం మామూలుగా పెట్టుకుని, "చూశారా, ఒక్క మాట," అని అరిచాను, లేకపోతే వినపడదు.

యాదగిరి దమ్ము అరనిమిషం ఉంది. తర్వాత దగ్గొచ్చింది. కూత ఆగింది, మెహమాన్ ఆగింది. దగ్గు ఆగి కూత మొదలైంది, మెహమాన్ మొదలైంది. మళ్ళీ దగ్గు, మళ్ళీ ఆకాశం. ఈలోగా వీధిలోని కుక్కలన్నీ గొంతు కలిపాయి. డాబాల మీద జనం పోగయ్యారు. ఎదురింటాయన చేతి గడియారం చూసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ చూసుకున్నాడు.

మేడం తిన్నగా నడిచి ట్యాంకు వెనక్కి వెళ్ళింది.

"నమస్తే మేడం," అంది యాదగిరి గొంతు. "ట్యాంకు లీకయితున్నదని చూస్తున్న."

"గరాటాతోనా?"

"హౌ మేడం. లోపల చప్పుడు వినొచ్చని."

ఆవిడ వెనక్కి వచ్చి నా ఎదురుగా నిలబడింది. "ఏమిటిది మూర్తీ?" అంది. 'గారు' ఆయుష్షు సరిగ్గా ఐదు నిమిషాలు. ఆ గొంతుకు నలభై ఏళ్ళుగా పిల్లలు చేతులు చాపి ఉంటారు, నేనూ దాదాపు చాపాను. అంతా చెప్పేశాను. దస్తర్‌ఖాన్, సైరన్, ఫైరింజన్, నా గొప్పలు, ఏదీ దాచలేదు.

"ఇంకెవరైనా అయితే తెలియక చేశారనుకుందును. నీకు నిన్ననే తెలిసింది. తెలిసి కూడా దీన్ని వాళ్ళకు అంటగట్టాలని చూశావు. వాళ్ళింటికి వెళ్ళి ఇది తినకపోతే నీకేం, నీ ఆరు వారాలు అయిపోయాయి," అంటూ మేడం వంగి మెహమాన్ మెడకు తాడు తగిలించింది. "పద, మన షెడ్డుకు పోదాం."

గ్రేసీ మెహమాన్‌ను రెండు చేతులతో వాటేసుకుంది. నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడ అన్నదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

మార్తమ్మ మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. "చెప్పరాదు. ఇంకెప్పుడు చెప్తవ్?"

డేవిడ్ గారు టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "మేడం, మేము గూడ మీకొకటి చెప్పలే. మా క్వార్టరు ఫ్యాక్టరీ గోడకు ఆనుకొని ఉంటది. షిఫ్టు సైరన్ కూస్తే మా ఇంట్ల గిన్నెలు కదుల్తయ్. పొద్దుగాల ఆరింటికి, పగటీలి రెండింటికి, రాత్రి పదింటికి. మునుపొక కుక్కను తెచ్చుకున్నం. సైరన్‌కు బెదిరి మూడో నాడే ఉరికింది, మళ్ళ దొరకలే. పాప పది దినాలు అన్నం తినలే. గీ సంగతి చెప్తే మీరు కుక్కను ఇయ్యరని..."

మేడం చేతిలో తాడు అలాగే ఉంది. ఆవిడ డేవిడ్ గారిని చూసింది, నన్ను చూసింది, గరాటా పట్టుకున్న యాదగిరిని చూసింది. పిట్టగోడ మీద కూలబడి, కళ్ళజోడు తీసి, భుజాలు ఎగిరేలా నవ్వింది.

"మీరు పెళ్ళికొడుకు లోపం దాచారు, వీడు పెళ్ళికూతురి లోపం దాచాడు. రెండూ ఒకటే లోపం," అంది ఊపిరి తీసుకుని. "ఈ ఊళ్ళో ఇంకే ఇంట్లో అయినా ఇది పస్తులుండేది మూర్తీ. నువ్వు చెడగొట్టిన పిల్లకు సరిపోయే ఇల్లు ఇదొక్కటే ఉన్నట్టుంది."

తాడు గ్రేసీ చేతిలో పెట్టింది. "ఆరింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి. రాత్రి పదింటి సైరన్‌కు మాత్రం ఒకే బిస్కెట్టు. ఎక్కువ పెట్టావో, వచ్చి గుంజీలు తీయిస్తాను."

ఆటో వచ్చేసరికి కింద వీధి వీధంతా నిలబడి ఉంది. హోటల్ ఆయన దారిలో తినడానికని పొట్లం ఇచ్చాడు. ఖాలా తన గుమ్మం దగ్గరే నిలబడి, దూరం నుంచే, "జా బేటా, ఖుష్ రహో," అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆటో మలుపు తిరిగాక నేను ఏడ్చాను. దాచుకోలేదు, దాచుకోవడానికి నా దగ్గర పరువు మిగిలి లేదు కదా. యాదగిరి నా భుజం మీద చెయ్యేసి, "నడువ్ మూర్తన్నా, మా ఇంట్ల తిందువు," అన్నాడు. ఎనిమిది నెలల్లో లేనిది ఆరు వారాల్లో ఆ కుక్కపిల్ల చేసింది. నాకు ఒక వీధి నిండా మనుషుల్ని ఇచ్చి పోయింది. వాళ్ళెవరికీ నేను సరిగా కృతజ్ఞత చెప్పుకోలేదు, ఇప్పుడు చెప్పుకుంటున్నాను.

ఇంక కథ ఇక్కడితో ఆగితే నేనూ బాగుపడేవాణ్ణే. తర్వాతి ఆదివారం మధ్యాహ్నం రెండు దాటగానే ఖాలా ఇంట్లో ఫోన్ మోగింది. ఆవేళ ఆవిడ మేనకోడల్ని చూడడానికి మగపెళ్ళివారు వచ్చి హాల్లో కూర్చుని ఉన్నారు. "బాబా, ఫోన్. మెహమాన్ ఇంటి నుంచి," అని ఖాలా కేకేసింది. వెళ్ళి అందుకున్నాను.

"అంకుల్, నేను గ్రేసీని," అంది ఏడుపు గొంతు. "ఆదివారం ఫ్యాక్టరీకి సెలవంట. సైరన్ కూయలే. రాజు కంచం ముందట కూచున్నడు." రాజు అంటే మెహమాన్ కొత్త పేరు. "డాడీ కూసిండు, నేను కూసిన. మేము కూస్తే నవ్వినట్టు చూస్తున్నడు. మీరు కూయండి. ఫోన్ వాని చెవి దగ్గర పెడ్త."

హాల్లో పదిమంది కొత్త చుట్టాలు. పట్టు షేర్వానీలో ఒక ముసలాయన షర్బత్ గ్లాసు ఎత్తి పట్టుకుని నన్నే చూస్తున్నాడు. నేను ఖాలా వైపు చూశాను. ఖాలా నన్ను చూసి తల ఊపింది, కానివ్వు అన్నట్టు. కళ్ళు మూసుకుని, నాకు చేతనైనంత సేపు, చేతనైనంత ఎత్తున కూశాను. అవతల కంచం నేల మీద గీసుకుపోయే చప్పుడు వినిపించేదాకా కూశాను.

కళ్ళు తెరిచేసరికి ముసలాయన గ్లాసు కింద పెట్టేశాడు. "యే సాహబ్ కౌన్ హైఁ?" అని అడిగాడు నెమ్మదిగా.

"మా కిరాయిదార్," అంది ఖాలా, ఎంతో గౌరవంగా. "సర్కారీ ఆఫీసర్."

సంబంధం కుదిరింది, ఆ పాపం నాకు అంటలేదు. కానీ ఆ సాయంత్రమే గోడ మీది టైంటేబుల్ ఊడబీకి, దాని వెనకవైపు మా ఆఫీసు పద్ధతిలోనే రాసి సంతకం పెట్టాను. ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, కింద సంతకం చేసిన నేను ఇకమీదట ఏ ప్రాణికీ క్రమశిక్షణ నేర్పను, నేర్పానని ఎవరికీ చెప్పను, ఆకలిగా ఉన్నవారి ముందు కంచం పెట్టి, గడియారం జేబులో వేసుకుని, నోరు మూసుకుని పక్కకు తప్పుకుంటాను. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు మాత్రం మినహాయింపు.

రాజు నాలుగైదు నెలల్లోనే గ్రేసీ పిలిస్తే తినడం నేర్చుకున్నాడు, సైరన్‌తో పని లేకుండా పోయింది. అయినా ఆదివారం రెండింటికి ఫోన్లో కూసే ఆ మినహాయింపు పన్నెండేళ్ళు, వాడు బతికినన్నాళ్ళూ, అమల్లో ఉంది.